మడతల్లో మంట

ఇరవై ఏళ్ళు దాటేదాకా ఈ జబ్బు సాధారణంగా బయటపడదు. పుట్టినప్పుడు చర్మం అందరి చర్మంలాగే నున్నగా ఉంటుంది. బడి, ఆటలు, కాలేజీ అన్నీ మామూలుగానే గడిచిపోతాయి. తర్వాత ఏదో ఒక వేసవిలో చంకలో ఎర్రగా కందుతుంది. సన్నటి నీటిపొక్కులు లేస్తాయి. అవి నిలవవు, చొక్కా రాపిడికే చితికిపోతాయి. చితికిన చోట చర్మం చెమ్మగా, సన్నని పగుళ్ళతో, చెయ్యి ఎత్తితే చురుక్కుమనేలా తయారవుతుంది. క్రిములు చేరితే వాసన కూడా వస్తుంది. మెడ చుట్టూ, గజ్జల్లో, ఆడవాళ్ళకైతే రొమ్ముల కింద, చర్మం చర్మాన్ని ఒరుసుకునే చోట్లన్నిటా ఇదే తంతు. కొన్ని వారాలకు మానుతుంది. ఎండలు ముదిరాయంటే మళ్ళీ మొదలు.

ఈ మంట పట్టుకున్న మనిషి మొదట వెళ్ళేది డాక్టరు దగ్గరికి కాదు, మందుల షాపుకి. గజ్జల్లో ఎర్రమచ్చ, దురద అనగానే మనకు గుర్తొచ్చేది తామర. షాపులో చేతికొచ్చే ట్యూబులో చాలాసార్లు ఫంగస్ మందు, యాంటీబయాటిక్, ఘాటైన స్టెరాయిడ్ మూడూ కలిపి ఉంటాయి. నాలుగు రోజుల్లో హాయిగా ఉంటుంది, స్టెరాయిడ్ వాపునీ మంటనీ అణిచేస్తుంది కాబట్టి. అసలు మోసం ఆ హాయిలోనే ఉంది. నెలల తరబడి అదే రాస్తూ పోతే చర్మం పలచబడుతుంది, చారలు పడతాయి, అప్పటిదాకా లేని తామర నిజంగానే వచ్చి కూర్చుంటుంది. మన దేశంలో తామర ఇంత మొండిగా తయారవడానికి ఈ ట్యూబులు చేసిన సాయం తక్కువేమీ కాదు. ఇక ఇంట్లోవాళ్ళ తీర్పు వేరు. ఒంట్లో వేడి చేసిందంటారు, సబ్జా గింజలు నానబెట్టి ఇస్తారు. వాటితో నష్టం లేదు, తాగొచ్చు.

జబ్బు పేరు హెయిలీ–హెయిలీ. పేరు రెండుసార్లు రావడానికి కారణం దాన్ని గుర్తించింది అన్నదమ్ములు కావడం. అమెరికాలో అట్లాంటా నగరంలో చర్మవైద్యులైన హ్యూ హెయిలీ, హోవార్డ్ హెయిలీ 1939లో దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా వర్ణించారు. వాళ్ళు దీన్ని కుటుంబాల్లో వచ్చే, ప్రాణాపాయం లేని, దీర్ఘకాలిక పెంఫిగస్ అన్నారు. స్టెరాయిడ్లు రాని ఆ రోజుల్లో పెంఫిగస్ అనే పొక్కుల జబ్బు వచ్చినవాళ్ళు బతికి బట్టకట్టడం అరుదు. దాని పక్కన పెట్టి చూస్తే ఇది నయమే. కాకపోతే షిఫ్టు మొత్తం చెమటలో నిలబడేవాడికి ‘ప్రాణాపాయం లేదు’ అన్న మాట పెద్ద ఓదార్పు కాదు.

ఆ పేరుతో వచ్చిన చిక్కు ఇంకొకటుంది. పెంఫిగస్‌లో మన రక్షణ వ్యవస్థే దారితప్పి, చర్మకణాలను కలిపి ఉంచే ప్రొటీన్ల మీద ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. అందుకే దానికి రోగనిరోధక శక్తిని అణిచే పెద్ద మందులు వాడతారు. హెయిలీ–హెయిలీలో అలాంటి ప్రతిరక్షకాలు ఉండవు. చిన్న చర్మం ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడడం, ఇంకో ముక్కను ప్రతిరక్షకాలున్నాయో లేదో చెప్పే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షకు పంపడం, ఈ రెండూ చేస్తే ఏది ఏదో తేలిపోతుంది. ఆ ముక్క తీయించుకోకుండానే ఏళ్ళ తరబడి ట్యూబులు మార్చేవాళ్ళను తలుచుకుంటేనే నాకు దిగులు.

ఈ మంటని రేపేది చెమట, చెమటకి మా విశాఖపట్నం పెట్టింది పేరు. మే నెల ఎండలో ఇది రెంటచింతలతో పోటీ పడదు. అక్కడ పాదరసం 45 దగ్గర ఆడినా చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఇక్కడ 35 డిగ్రీలకే చొక్కా వీపుకి అంటుకుంటుంది. సముద్రపు గాలిలో తేమ అప్పటికే నిండుగా ఉండడంతో చెమట త్వరగా ఆవిరి కాదు, కారుతుంది. కారి, మడతల్లో నిలుస్తుంది. నానిన చర్మం ఆరిన చర్మం కంటే తొందరగా ఒరుసుకుపోతుందని కొత్త చెప్పులు వేసుకుని వానలో నడిచినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

దానికి తోడు ఈ ఊరి పనులు. 1933లో తెరిచిన ఓడరేవు, 1941లో పునాది పడ్డ ఓడల కర్మాగారం, 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, ఏది తీసుకున్నా చెమట పని. కోక్ ఓవెన్లలో బొగ్గుని గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలకు పైగా కాల్చి కోక్ తీస్తారు. ఆ వేడి పక్కన పనిచేసేవాళ్ళు నిప్పు తట్టుకునే మందపాటి కోటు వేసుకోక తప్పదు. ఓడ అడుగు ట్యాంకులోకి దిగిన వెల్డరు నిప్పురవ్వలు పడకుండా కాలరు గుండీ బిగించుకోవాలి, తోలు ఏప్రాను కట్టుకోవాలి. బయటి నిప్పు నుంచి కాపాడే బట్టే లోపల చెమటను నిలవేసి, మెడ మీదా చంకల్లోనూ ఒరుస్తుంది. హెయిలీ–హెయిలీ ఉన్న మనిషికి ఇంతకంటే ప్రతికూలమైన దుస్తులు ఊహించడం కష్టం. ఈ జబ్బు విశాఖలో ఎక్కువని నేను అనడం లేదు. ప్రపంచం మొత్తం మీద యాభై వేల మందిలో ఒకరికి ఉండొచ్చని స్థూలంగా అంచనా. ఇరవై లక్షల ఊరికి ఆ లెక్క కడితే ఓ నలభై మంది. ఆ నలభై మందిలో ఏసీ గదిలో కూర్చునేవాళ్ళ జబ్బు వేరు, ఫర్నేసు దగ్గర నిలబడేవాళ్ళ జబ్బు వేరు, జన్యులోపం ఒకటే అయినా సరే.

ఇక్కడే అసలు ప్రశ్న. లోపం పుట్టుకతో వచ్చింది, ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంది. మరి పొక్కులు మడతల్లోనే ఎందుకు?

పైచర్మం మందం చాలాచోట్ల మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే. అంత పలచని పొరలోనూ కణాలు వరసలు వరసలుగా పేర్చి ఉంటాయి. ఒకదాన్నొకటి విడవకుండా పట్టి ఉంచేవి డెస్మోజోములనే అతుకులు. ఆ అతుకుల్లోని ప్రొటీన్లు గట్టిగా పట్టుకోవాలంటే కాల్షియం కావాలి. కణం లోపల గాల్జీ అనే భాగం ఉంది. బయటికి వెళ్ళవలసిన ప్రొటీన్లకు తుది మెరుగులు దిద్దేది అక్కడే. ఆ పని సాగాలంటే గాల్జీ లోపల కాల్షియం, మాంగనీసు సరిపడా ఉండాలి. వాటిని లోపలికి తోడిపోసే పంపు ఒకటుంది. దాన్ని తయారుచేసే సూచన మూడో క్రోమోజోము మీద ఏటీపీ2సీ1 అనే జన్యువులో ఉంటుంది. హెయిలీ–హెయిలీలో చెడిపోయేది ఇదేనని 2000 సంవత్సరంలో తేలింది.

ఆ పంపు నడిచే ఇంధనం ఏటీపీ. కండరం కదలికకైనా, చర్మకణంలో కాల్షియం తోడడానికైనా ఖర్చయ్యేది అదే. ఆ పదార్థాన్ని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. సుబ్బారావు పేరు ఈ కథలో మళ్ళీ వస్తుంది.

మనలో దాదాపు ప్రతి జన్యువుకీ రెండు ప్రతులుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. హెయిలీ–హెయిలీ ఉన్నవాళ్ళలో ఒక ప్రతి చెడింది, రెండోది బాగానే ఉంది. అంటే పంపులు సుమారు సగం. ఆ సగంతోనే గుండె, కాలేయం, మెదడు నిక్షేపంగా పనిచేసుకుపోతాయి. వీపు మీద, కాళ్ళ మీద చర్మానికి కూడా మామూలు రోజుల్లో ఆ సగం చాలుతుంది. ఎండ, చెమట, రాపిడి, క్రిములు నాలుగూ ఒకేచోట కలిసినప్పుడే చాలదు. అతుకులు ఊడి కణాలు విడిపోతాయి, ఖాళీల్లోకి నీరు చేరుతుంది. సూక్ష్మదర్శిని కింద ఆ దృశ్యాన్ని చూసిన పాథాలజిస్టులు దాన్ని శిథిలమైన ఇటుక గోడతో పోల్చారు. సున్నం రాలిపోయినా ఇటుకలు ఇంకా పూర్తిగా కూలక, ఒకదాని మీద ఒకటి వంకరగా వేలాడుతున్న గోడ. పాత జమీందారీ ఇళ్ళ ప్రహరీలు చూసినవాళ్ళెవరికైనా ఆ స్లయిడు చూపిస్తే పోలిక ఒప్పుకుంటారు.

ఒక్క ప్రతి చెడితేనే జబ్బు వస్తుంది కాబట్టి దీనికి మేనరికంతో సంబంధం లేదు. ఈ మాట నొక్కి చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో బిడ్డకు ఏ అరుదైన జబ్బు వచ్చినా ముందు మేనమామ పెళ్ళి మీదికే పోతారు. పుట్టుకతోనే ఒళ్ళంతా బొబ్బలు కట్టే ఎపిడెర్మోలైసిస్ బుల్లోసాలో కొన్ని తీవ్రమైన రకాలకు ఆ అనుమానం సబబే. వాటికి రెండు ప్రతులూ చెడాలి, దగ్గరి సంబంధాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. హెయిలీ–హెయిలీలో తల్లికో తండ్రికో ఉంటే చాలు, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. పరాయి సంబంధం చేసుకున్నా అంతే.

ఇప్పుడు చికిత్స. జన్యువుని సరిచేయడం ఒక దారి. ఎపిడెర్మోలైసిస్ బుల్లోసాలో ఒక రకానికి, పుండు మీద రాస్తే మంచి జన్యువుని కణాల్లోకి చేర్చే జెల్‌ను అమెరికాలో 2023లో ఆమోదించారు. హెయిలీ–హెయిలీకి అలాంటిది లేదు. అయితే, నా ఉద్దేశంలో, దానికోసం చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. లోపం ఒళ్ళంతా ఉన్నా జబ్బు ఉన్నది మడతల్లో. ఆ మడతల సంగతి చూసుకుంటే మనిషి నిశ్చింతగా పనికి వెళ్ళగలడు. ఈ ఆలోచనకు బలం ఈ జబ్బుకి లేజర్ వాడకముందే దొరికింది. మందులకు లొంగని రోగులకు సర్జన్లు చంకలో పాడైన చర్మాన్ని పూర్తిగా కోసి తీసేసి, తొడ నుంచి తీసిన చర్మం అతికేవారు. తొడ చర్మంలోనూ అదే లోపం, అదే సగం పంపు. అయినా అతికిన చోట చాలామందికి జబ్బు తిరిగి రాలేదు. తర్వాత మరికొందరు అంత లోతుకి పోకుండా, తిరిగే రాపిడి చక్రంతో పైచర్మాన్ని మాత్రమే గీకి చూశారు. అప్పుడూ చాలావరకు నయమైంది. అయితే చేత్తో పట్టిన చక్రం ఎంత లోతు గీకుతోందో అంచనా వేయడం కష్టం, రక్తంలో ఏమీ కనపడదు.

లోతుని మైక్రాన్లలో లెక్కపెట్టగల పనిముట్టు అప్పటికే ఉంది. థియొడోర్ మైమన్ 1960లో కెంపురాయితో మొదటి లేజర్ వెలిగించిన నాలుగేళ్ళకు, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కుమార్ పటేల్ కార్బన్ డయాక్సైడు వాయువుతో లేజర్ తయారుచేశారు. ఆయన మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణేలో ఇంజినీరింగు చదివి వెళ్ళినవాడు. ఆ లేజర్ నుంచి వచ్చేది 10.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఉన్న పరారుణ కిరణం, కంటికి కనపడదు. కిలోవాట్ల లెక్కన వదిలితే ఉక్కు రేకుని కోస్తుంది. ప్రపంచమంతటా కర్మాగారాల్లో దశాబ్దాలపాటు రేకులు కోసింది ఇదే. పదుల వాట్లలో, డాక్టరు చేతిలో అయితే చర్మాన్ని పొరపొరగా తీస్తుంది. ఉక్కు ఊరివాళ్ళకి ఇది వింతగా ఉండదనుకుంటాను. అదే వేడి, మోతాదే వేరు.

చర్మం మీద ఈ కిరణం ప్రత్యేకత నీటిలో ఉంది. 10.6 మైక్రాన్ల కాంతిని నీరు గబుక్కున పీల్చేస్తుంది. చర్మకణాల్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి కిరణం శక్తి అంతా పైనున్న 20, 30 మైక్రాన్లలోనే ఖర్చయిపోతుంది. ఆ నీరు క్షణంలో ఆవిరై కణాలను వెంట తీసుకుపోతుంది. కిరణం మిల్లీసెకను కంటే తక్కువసేపు తగిలి ఆగితే వేడి కింది పొరలకు పాకే వ్యవధి ఉండదు. ఎక్కువసేపు నిలిపితే కింది చర్మం ఉడికిపోయి మచ్చ కడుతుంది. వేడి పాకేలోపు కాంతిని ఆపాలన్న ఈ సూత్రాన్ని 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ సిద్ధాంతంగా చెప్పారు. 1987లో హెయిలీ–హెయిలీ మీద కార్బన్ డయాక్సైడు లేజర్ వాడిన తొలి నివేదిక వెలువడింది.

చేసే తీరు దగ్గర్నుంచి చూస్తే ఇలా ఉంటుంది. చంక చుట్టూ మత్తు ఇంజెక్షన్లు ఇస్తారు. చికిత్సలో బాగా నొప్పి పుట్టేది చాలామందికి అదే. చుట్టూ కప్పే గుడ్డలు తడిపి ఉంచుతారు, పొడి గుడ్డకు కిరణం తగిలితే అంటుకుంటుంది. స్పిరిట్‌తో తుడవరు, అదే కారణం. రోగి కళ్ళు మూసి కప్పుతారు, గదిలో అందరికీ కళ్ళజోళ్ళు. అసలు కిరణం కనపడదు కాబట్టి గురి కోసం దాని వెంట ఒక ఎర్రటి చుక్కని నడిపిస్తారు. ఆ చుక్క మడత మీద వరసగా కదులుతుంటే చిటపటమని చిన్న చప్పుడు, వెంట్రుకలు కమిలిన వాసన. పొగని లాగేసే గొట్టాన్ని నర్సు పక్కనే పట్టుకోవాలి, ఆ పొగలో క్రిముల శకలాలు ఉండొచ్చు. మొదటి వరస అయ్యేసరికి చర్మం మీద బూడిదలాంటి తెల్లటి పొర మిగులుతుంది. సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డతో తుడిస్తే కింద గులాబీ రంగు కనిపిస్తుంది. పైచర్మం పోయిందన్నమాట. మళ్ళీ ఒక వరస. ఈసారి తుడిస్తే రంగు లేత పసుపుకి తిరుగుతుంది, లోచర్మం పైభాగం చేరామని గుర్తు. అనుభవం ఉన్న చెయ్యి అక్కడితో ఆగుతుంది.

ఆగాక ఆ చోటుకి కొత్త చర్మం ఎక్కడినుంచి వస్తుంది? వెంట్రుక కుదుళ్ళ నుంచి, చెమట గొట్టాల నుంచి. అవి లోచర్మంలోకి లోతుగా దిగి ఉంటాయి, కిరణం వాటిని పైపైనే తాకుతుంది. వాటి గోడల్లోని కణాలు విభజన చెంది పైకి పాకి, రెండు మూడు వారాల్లో పుండుని కప్పేస్తాయి. ఈ కొత్త కణాల్లోనూ పాత లోపమే. అయినా జబ్బు తిరగబెట్టకపోవడానికి రెండు వివరణలు చెబుతారు. కుదుళ్ళలోని కణాలకు మొదటినుంచీ ఈ జబ్బు తాకిడి తక్కువని ఒకటి. మానేటప్పుడు లోచర్మం పైభాగంలో పలచగా కొత్త పీచు ఏర్పడి పైచర్మానికి గట్టి ఆధారమవుతుందని రెండోది. నాకు రెండోదే ఎక్కువ నచ్చుతుంది, గీకినా, కోసి అతికినా, కాల్చినా ఫలితం ఇంచుమించు ఒకటే కాబట్టి.

చికిత్స చేసిన చోట ఏళ్ళ తరబడి హాయిగా ఉన్నవాళ్ళున్నారు. కొందరికి మళ్ళీ వస్తుంది, ముఖ్యంగా కాల్చిన చోటికీ కాల్చని చోటికీ మధ్య అంచులో. అందుకే కనపడే మచ్చకంటే కాస్త వెడల్పుగా చేస్తారు. మన చామనచాయ చర్మానికి ఇంకో బెడద, మానిన చోట నల్లబడడమో తెల్లబారడమో. ముందు రూపాయి బిళ్ళంత చోట చేసి, కొన్ని నెలలు చూసి, తర్వాత మిగతాది మొదలుపెట్టే డాక్టరు నమ్మదగినవాడు. చీము, వాసన ఉన్న పుండు మీద లేజర్ పెట్టకూడదు, ముందు క్రిముల్ని తగ్గించాలి. విశాఖలోనైతే ఈ పనికి డిసెంబరు, జనవరి మంచివని నా లెక్క. మానే ఆ రెండు మూడు వారాలూ గాయం చెమటలో నానకూడదు. మే నెలలో చేయించుకుని మర్నాడు ఆటో ఎక్కి గాజువాక వెళ్ళడం తెలివైన పని కాదు.

లేజర్ బోర్డులకు ఈ ఊళ్ళో కొదవలేదు. చాలావరకు అవాంఛిత రోమాలకీ మచ్చలకీ వాడేవి. లేజర్ అనగానే సోకు అన్న ముద్ర పడిపోవడం వల్ల, చంకలో పుండుతో చెయ్యి ఎత్తలేనివాడు కూడా ఇది డబ్బున్నవాళ్ళ వ్యవహారమనుకుని వెనక్కి తగ్గుతాడు. పెద్ద ఆసుపత్రిలోని చర్మవిభాగంలో, ముక్క పరీక్ష అయ్యాక, ఈ ప్రస్తావన తేవడానికి సిగ్గుపడనక్కరలేదు.

అందరికీ లేజర్ అవసరమూ లేదు. డాక్సీసైక్లిన్ కొందరికి నెలల తరబడి ఉపశమనమిస్తుంది, క్రిముల్ని చంపడంతోపాటు వాపునీ తగ్గిస్తుంది. ఆ మందుల కుటుంబానికి మూలపురుషుడు ఆరియోమైసిన్. లెడర్లీ సంస్థలో సుబ్బారావు పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండగా, బెంజమిన్ డగ్గర్ దాన్ని కనుగొన్నారు. 1948లో అది లోకానికి తెలిసింది, అదే ఏడు సుబ్బారావు కన్నుమూశారు. ముడతలకు వాడే బొటాక్స్ ఇంజెక్షన్ చంకలో ఇస్తే చెమట ఆగి, కొన్ని నెలలు పొక్కులూ ఆగుతాయి. మత్తుమందుల అలవాటు మాన్పించే నాల్ట్రెక్సోన్‌ను బాగా తక్కువ మోతాదులో ఇస్తే కొందరికి గుణం కనిపించిందని 2017 నుంచి నివేదికలొస్తున్నాయి. ఇవేవీ లేకపోయినా నూలు బనీను, షిఫ్టు మధ్యలో మార్చుకోవడానికి ఇంకొకటి, స్నానం చేశాక మడతలు ఒత్తి ఆరబెట్టుకోవడం, ఇవి చేసే మేలు తక్కువది కాదు. వేసవి నాలుగు నెలలూ ఫర్నేసు వైపు కాకుండా వేరేచోట డ్యూటీ వేయమని డాక్టరు చీటీ రాసిస్తే దాన్ని కూడా చికిత్సగానే లెక్కపెట్టాలి.

లేజర్ తండ్రి చంకని బాగుచేసినా పిల్లలకు వెళ్ళే జన్యువుని తాకదు. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు తేలితే ఎదిగిన పిల్లలకు దాచకుండా చెప్పడం మంచిది, మొదటి పొక్కు లేచిన రోజున వాళ్ళు మందుల షాపుకి వెళ్ళకుండా ఉంటారు. ఈ రోగుల్లో చాలామందికి చేతి గోళ్ళ మీద మొదలు నుంచి కొస దాకా నిలువుగా సన్నటి తెల్లగీతలు ఉంటాయి. నొప్పి ఉండదు, ఎవరూ పట్టించుకోరు. వెలుతుర్లో వేళ్ళు చాపి చూస్తే కనపడతాయి. గీతలున్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. చంకలో మంట కూడా ఉంటే మాత్రం, చర్మవైద్యుడికి ఆ గోళ్ళు చూపించి, తండ్రికి తీసిన ముక్క పరీక్ష కాగితం పక్కన పెట్టాలి.